వేడి మీద స్టార్ట్ కాని డీజిల్ బండి: ఇంజెక్టర్ల పని డైరీ

సంక్రాంతి వెళ్ళాక

బండి 2013 మోడల్, 1.3 లీటర్ల కామన్ రైల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. కామన్ రైల్ అంటే పంపు కట్టిన ప్రెషర్‌ని ఒకే ఉమ్మడి గొట్టం (రైల్)లో నిలిపి, అక్కడినుంచి ఇంజెక్టర్లు ఒక్కో సిలిండర్‌లోకి డీజిల్ చల్లే పద్ధతి. నా చేతికి వచ్చేసరికే మీటరు 1,38,000 దాటింది. బాడీ గట్టిగా ఉంది, గేర్లు మెత్తగా పడుతున్నాయి, ఏసీ బాగా చల్లగా ఇస్తోంది. నందిగామ నుంచి విజయవాడకు తరచూ తిరిగే పని కాబట్టి డీజిలే కావాలని వెతికి తీసుకున్నాను.

ఇబ్బంది స్టార్టింగ్‌లో ఉంది. పొద్దున్నే చల్లటి ఇంజిన్ కాస్త తటపటాయించినా అందుకుంటుంది. హైవే మీద బాగా నడిపి, టీకి ఆపి, పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే మాత్రం ఊరికే తిరుగుతుంది తప్ప అందుకోదు. అలా కొట్టగా కొట్టగా ఒక్కసారి దడదడలాడి, తెల్లటి పొగ వదిలి లేస్తుంది. ఐడిలింగ్‌లో స్టీరింగు వణుకుతోంది. లోడు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే టకటకమని డీజిల్ నాక్ స్పష్టంగా వినపడుతోంది. మైలేజీ కూడా తగ్గింది.

చూసినవాళ్ళు తలో మాటా చెప్పారు. ఒకరు హీటర్ ప్లగ్గులు మార్చమన్నారు. ఇంకొకరు నాలుగు ఇంజెక్టర్లూ కొత్తవి వేసేస్తే గొడవ వదిలిపోతుందన్నారు. పెట్రోల్ బంకులో దొరికే క్లీనర్ డబ్బా ట్యాంకులో పోయమన్నవాళ్ళు చాలామంది.

హీటర్ ప్లగ్గుల మాట నాకు కుదరలేదు. చల్లటి ఇంజిన్‌లో సిలిండర్‌ని వేడెక్కించడమే వాటి పని. అవి పోతే పొద్దున ఏడిపించి మధ్యాహ్నం బాగుండాలి. ఇక్కడ వరస తిరగబడి ఉంది. వేడెక్కిన డీజిల్ పలచబడుతుంది, పలచబడిన డీజిల్ అరిగిన సందుల్లోంచి ఎక్కువగా జారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు లేచి, వేడి మీద లేవని కామన్ రైల్ బండిలో ముందు అనుమానించాల్సింది రైల్‌లో ప్రెషర్ నిలవకపోవడాన్ని. ఏ భాగమూ కొనకముందే అన్నీ కొలిచి చూద్దామని నిర్ణయించుకున్నాను.

జనవరి చివర్లో: స్కానర్ ఏం చెప్పింది

ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటర్‌ని చదవడానికి ఉండే సాకెట్లో) ఈఎల్ఎం327 అనే చిన్న అడాప్టర్ పెట్టి, ఈ ఇంజిన్‌కి సంబంధించిన డేటా చదవగలిగే యాప్‌తో చూశాను. రెండు కోడ్‌లు ఉన్నాయి. పి0087 అంటే రైల్ ప్రెషర్ చాలా తక్కువ. పి0269 అంటే మూడో సిలిండర్ తన వంతు పని చేయడం లేదు. (ఇదే వరసలో ఒకటో సిలిండర్‌కి పి0263, రెండుకి పి0266, నాలుగుకి పి0272.) పి0201 నుంచి పి0204 దాకా వచ్చే కోడ్‌లు ఇంజెక్టర్ కరెంటు సర్క్యూట్‌వి. అవేవీ లేవు. అయినా కనెక్టర్ ఊడదీసి మూడో ఇంజెక్టర్ కాయిల్‌ని మీటరుతో చూస్తే మిగతా మూడింటిలాగే ఒక ఓమ్ లోపే ఉంది. అంటే వైరింగు, కాయిల్ బాగానే ఉన్నాయి. తేడా లోపల మెకానికల్ భాగంలో ఉంది.

ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ కనెక్టర్ లాగి ఏ సిలిండర్ చచ్చిందో చూడటం పాత అలవాటు. కామన్ రైల్ బండ్లలో దయచేసి ఆ పని చేయకండి. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఇంజెక్టర్‌ని తెరవడానికి పంపే వోల్టేజీ బ్యాటరీ 12 వోల్టులకన్నా చాలా ఎక్కువ. మనిషికీ ప్రమాదమే, ఈసీయూకీ ప్రమాదమే.

కోడ్‌లకన్నా లైవ్ డేటాలో ఎక్కువ విషయం దొరికింది. ఐడిలింగ్‌లో నాలుగు సిలిండర్ల ఇంధన సవరణ ఇలా ఉంది: ఒకటికి మైనస్ 0.8, రెండుకి మైనస్ 0.5, మూడుకి ప్లస్ 2.4, నాలుగుకి మైనస్ 1.1. ప్రతి సిలిండర్‌లో డీజిల్ మండినప్పుడు క్రాంక్ ఎంత వేగం అందుకుందో ఈసీయూ చూస్తుంది. వెనకబడినదానికి డీజిల్ పెంచి, మిగతావాటికి తగ్గించి ఐడిలింగ్ సర్దుతుంది. ప్లస్‌లో ఉన్నది బలహీనమైన సిలిండర్. అయితే ఆ బలహీనత ఇంజెక్టర్ వల్లే అని ఈ అంకె చెప్పదు. కంప్రెషన్ పోయినా ఇలాగే కనిపిస్తుంది.

వేడి మీద సెల్ఫ్ కొడుతూ రైల్ ప్రెషర్ చూశాను. 120, 130 బార్ దగ్గర ఊగిసలాడుతోంది. ఈ తరం బండ్లలో చాలావాటికి సుమారు 150 నుంచి 200 బార్ వచ్చేదాకా ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు. సెల్ఫ్ అంతసేపు తిరగడానికి కారణం అదే. పంపు ప్రెషర్ కట్టలేకపోతోందా, కట్టిన ప్రెషర్ ఎక్కడినుంచైనా జారిపోతోందా అన్నది తేలాలి.

నాలుగు సీసాల పరీక్ష

ఈ డైరీలో ఒక్క ముక్క మాత్రమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ఇంజెక్టర్ల మీద వేలకు వేలు పెట్టబోయే ప్రతివాళ్ళూ ముందు చేయాల్సిన పరీక్ష ఇది. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

పంపు నుంచి వచ్చిన డీజిల్ అంతా సిలిండర్‌లోకి వెళ్ళదు. ఇంజెక్టర్ లోపల నీడిల్‌ని మూసి ఉంచేది దాని మీద నిలబడిన డీజిల్ ప్రెషరే. కాయిల్‌కి కరెంటు అందగానే పైన చిన్న బాల్ వాల్వ్ లేచి ఆ ప్రెషర్‌ని వదులుతుంది, నీడిల్ పైకి లేస్తుంది, నాజిల్ స్ప్రే కొడుతుంది. అలా వదిలిన కొద్దిపాటి డీజిల్ రిటర్న్ పైపులో ట్యాంకుకి పోతుంది. బాల్ కూర్చునే సీటు అరిగితే వాల్వ్ మూసి ఉన్నా డీజిల్ జారుతూనే ఉంటుంది. ఇంట్లో ఒక కుళాయి ఎప్పుడూ కారుతుంటే మోటారు ఎంతసేపు ఆడినా మిద్దె మీద ట్యాంకు నిండదు చూడండి, రైల్ పరిస్థితి కూడా అంతే.

నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ క్లిప్పులు తీసి, ఒక్కోదానికి పారదర్శకమైన సన్న పైపు బిగించి, మెడికల్ షాపులో దొరికే కొలత గీతల సీసాల్లోకి వదిలాను. ట్యాంకుకి వెళ్ళే రిటర్న్ పైపు మూతికి బిరడా కొట్టాను. ఇంజిన్ బాగా వేడెక్కించి మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచితే సీసాల్లో నిలిచినవి: 28, 34, 95, 30 మిల్లీలీటర్లు.

ఇంత కావాలి అని ఒకే అంకె అన్ని బండ్లకూ పనికిరాదు, ఇంజెక్టర్ రకాన్ని బట్టి మారుతుంది. చూడాల్సింది నాలుగింటి మధ్య తేడా. మూడు సీసాలు దగ్గరదగ్గరగా ఉండి ఒకటి వాటికి మూడింతలు నిండితే తీర్పు వచ్చేసినట్టే. నాలుగూ సమానంగా తక్కువగానే ఉండి రైల్ ప్రెషర్ రాకపోతే అప్పుడు పంపు, దానికి డీజిల్ వదిలే మీటరింగ్ వాల్వ్, ఫిల్టరు, గాలి లీకుల వైపు వెతకాలి. నాలుగూ కొత్తవి వేయమన్న సలహా విని ఉంటే బాగున్న మూడు ఇంజెక్టర్లు పక్కన పడేసేవాణ్ణి.

రెండో సీసాలో 34 ఉందని రాసి పెట్టుకున్నాను. దాని సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

ఫిబ్రవరి మొదటి వారం: కంప్రెషన్, ఫిల్టరు, ఆయిల్

ఇంజెక్టర్ దొంగ దొరికాడు కదా అని నేరుగా విప్పడానికి మనసొప్పలేదు. పాత బండిలో ఒక సిలిండర్‌కి రెండు రోగాలుండొచ్చు. హీటర్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో డీజిల్ కంప్రెషన్ గేజీ బిగించి చూశాను. నాలుగూ 27 నుంచి 29 బార్ మధ్య వచ్చాయి. రింగులు, వాల్వులు బాగున్నాయి. ఈ ఇంజిన్ మీద డబ్బు పెట్టవచ్చని ధైర్యం వచ్చింది ఇక్కడే.

డీజిల్ ఫిల్టరు తీసి కోసి చూశాను. ఈ పని చాలామంది చేయరు, కానీ చేసి తీరాలి. కాగితం మడతల్లో మెరిసే లోహపు పొడి కనిపిస్తే హై ప్రెషర్ పంపు తనని తానే అరగదీసుకుంటోందని అర్థం. అప్పుడు పంపు, రైల్, పైపులు, ట్యాంకు అన్నీ కడగకుండా ఇంజెక్టర్ ఒక్కటే మారిస్తే కొత్తదీ కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. మడతలు పరిచి వెలుతురులో చూశాను, అయస్కాంతం తిప్పాను. లోహం లేదు. నల్లటి జిగురు మాత్రం బాగా పేరుకుంది, అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీళ్ళు చేరితే బాల్ సీటుకి తుప్పు పడుతుంది. మూడో ఇంజెక్టర్ అరుగుదలకు అదే మొదలై ఉండొచ్చు.

ఇంజిన్ ఆయిల్ గేజీ తీసి చూస్తే మట్టం పై గీత దాటి ఉంది, డీజిల్ వాసన వస్తోంది. సరిగా స్ప్రే కాని డీజిల్ సిలిండర్ గోడల వెంట కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తోంది. ఆయిల్ పలచబడితే బేరింగులకూ టర్బోకీ నష్టం. కాబట్టి పని పూర్తయ్యేదాకా బండి తీయకూడదని పక్కన పెట్టేశాను.

క్లీనర్ డబ్బా గురించి నా అభిప్రాయం కూడా ఇక్కడే రాస్తాను. నాజిల్ రంధ్రాల దగ్గర పేరుకున్న మసిని అది కొంత కరిగించగలదు. అరిగిన ఉక్కు సీటుని పూడ్చలేదు. రిటర్న్ లీకుకి అది మందు కాదు.

శివరాత్రికి ముందు: ఇంజెక్టర్లు విప్పడం

ముందు జాగ్రత్త మాట. నడుస్తున్న ఇంజిన్ మీద హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేసి ఎయిర్ తీయడం పాత ట్రాక్టర్లలో చూశాం. ఇక్కడ రైల్‌లో వేయి బార్ దాటిన ప్రెషర్ ఉంటుంది. సూది మొనంత లీకు నుంచి వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా లోపల కండ కుళ్ళిపోతుంది, వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. అలాంటిది జరిగితే నొప్పి లేదని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. లీకు వెతకడానికి చెయ్యి పెట్టకూడదు, అట్టముక్క పెట్టి చూడాలి. ఇంజిన్ ఆపాక కొంతసేపు ఆగి, బ్యాటరీ నెగటివ్ తీసి, అప్పుడే పైపుల మీద పానా వేశాను.

విప్పకముందు ఇంజిన్ తల మీద ఇసుక రేణువు కూడా లేకుండా బ్రష్‌తో, గాలితో శుభ్రం చేశాను. నీడిల్‌కీ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. పైపు తీసిన ప్రతి మూతికీ వెంటనే ప్లాస్టిక్ టోపీ పెట్టాను. గుడ్డ పీలికలు కుక్కితే దాని పోగులే లోపలికి పోతాయి. పైపులకూ ఇంజెక్టర్లకూ ఒకటి నుంచి నాలుగు దాకా పెయింటుతో నంబర్లు వేశాను.

ఒకటి, రెండు, నాలుగు ఇంజెక్టర్లు క్లాంపు బోల్టు తీసి అటూ ఇటూ తిప్పగానే వచ్చేశాయి. మూడోది కదల్లేదు. దాని చుట్టూ తారులాంటి నల్లటి గట్టి పదార్థం. అడుగున ఉండే రాగి వాషర్ సరిగా పట్టకపోతే సిలిండర్ గ్యాస్ పైకి తన్నుకొచ్చి, మసి, ఆయిల్ కలిసి ఇలా గడ్డకడతాయి. మొదట్లో చఫ్ చఫ్ మని చప్పుడు వస్తుంది. దాన్ని పట్టించుకోకపోతే కొన్నాళ్ళకు ఇంజెక్టర్ హెడ్‌లో అతుక్కుపోతుంది.

తొందరపడితే ఇంజెక్టర్ నడుం విరిగి హెడ్ దించాల్సి వస్తుంది. తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా వదిలాను, మర్నాడు మళ్ళీ పోశాను. చుట్టూ మసిని చెక్కపుల్లతో, ఇత్తడి బ్రష్‌తో గీకాను. పక్కన చదునుగా ఉండే చోట పానా పట్టించి వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు కదిలిస్తూ వచ్చాను. కాస్త కదలిక వచ్చాక పంపు షాపు నుంచి అద్దెకు తెచ్చిన స్లైడ్ హామర్‌తో (బరువు జార్చి బయటికి లాగే సుత్తితో) చిన్న చిన్న దెబ్బలు వేస్తే సాయంత్రానికి వచ్చింది. దాని వాషర్ మాత్రం రంధ్రం అడుగునే ఉండిపోయింది. టార్చి వేసి చూసి కొక్కెంతో తీశాను. పాత వాషర్ లోపలే ఉండగా కొత్తది వేస్తే రెండు పొరలవుతాయి, నాజిల్ పైకి జరిగి స్ప్రే పిస్టన్ గుంటలో పడాల్సిన చోట పడదు.

విజయవాడ ఆటోనగర్, పంపు షాపు

నాలుగింటినీ వేరువేరు కవర్లలో చుట్టి బస్సులో తీసుకెళ్ళాను. జవహర్ ఆటోనగర్‌లో కామన్ రైల్ టెస్ట్ బెంచీ ఉన్న డీజిల్ ల్యాబులు దొరుకుతాయి. పాత ఇన్‌లైన్ పంపుల నాజిళ్ళు చేత్తో పంపు కొట్టి పరీక్షించే షాపు దీనికి సరిపోదు. బెంచీ ఉందా, రిపోర్టు కాగితం ఇస్తారా అని అడిగాకే ఇవ్వాలి.

నేను ఇచ్చిన షాపు పెద్దాయన మూడో ఇంజెక్టర్ చూడగానే, “బండి ఎక్కడిదయ్యా, చాన్నాళ్ళు కదలకుండా పెట్టారా?” అన్నారు. అవును బాబాయ్, నా చేతికి రాకముందు కొన్ని నెలలు షెడ్డులోనే ఉందట అన్నాను. “నీళ్ళు పట్టింది. రా, బెంచీ మీద చూద్దాం” అని దగ్గర నిలబెట్టి చూపించారు.

బెంచీ మీద ఫుల్ లోడ్, మధ్య లోడ్, ఐడిల్, ప్రీ-ఇంజెక్షన్ అని ఒక్కో స్థాయిలో ఒక్కో ప్రెషర్‌కి ఎంత డీజిల్ కొట్టింది, ఎంత రిటర్న్ పోయింది అని కొలుస్తారు. ఒకటి, నాలుగు హద్దుల్లోనే ఉన్నాయి. మూడోదాని రిటర్న్ హద్దు దాటిపోయింది, ప్రీ-ఇంజెక్షన్ దాదాపు లేదు. అసలు పేలుడుకి ముందు చిటికెడు డీజిల్ కొట్టి మంటని మెల్లగా అంటించడమే ప్రీ-ఇంజెక్షన్ పని. అది లేకపోతే డీజిల్ అంతా ఒక్కసారి భగ్గుమంటుంది. ఆ టకటక చప్పుడు ఎక్కడిదో ఆ కాగితంలో కనిపించింది. రెండోది అన్ని పరీక్షలూ పాసైంది కానీ రిటర్న్ పై హద్దుకి దగ్గరగా ఉంది. సీసాలో 34 చూసిన నాకు ఆశ్చర్యం కలగలేదు.

మూడోదాన్ని విప్పి లెన్సు కింద పెట్టారు. బాల్ కూర్చునే సీటు మీద డీజిల్ కోసిన సన్నటి గాడి ఉంది. వాల్వ్ సెట్టు, నాజిల్ రెండూ మార్చి, ఆర్మేచర్ లిఫ్ట్ (కాయిల్ లాగే ముక్క ఎంత పైకి లేస్తుందో అది) మైక్రాన్లలో కొలిచి, షిమ్ములు అనే పల్చటి బిళ్ళలు సర్ది, మళ్ళీ బెంచీ ఎక్కించారు. కాయిల్ రకం ఇంజెక్టర్లు ఇలా బాగు చేయవచ్చు. కాయిల్ బదులు పీజో స్ఫటికంతో తెరుచుకునే రకమైతే చాలాచోట్ల మార్చడమే. కొత్త ఇంజెక్టర్ ధరలో మూడో వంతులోపే పని అయింది. రెండోదాన్ని కూడా విప్పుదామా అని అడిగాను. “పాసైనదాన్ని ముట్టుకోవద్దు. కడిగి ఇస్తాను, నడిపి చూడు” అన్నారు. బేరం పోగొట్టుకునైనా నిజం చెప్పే షాపు దొరకడం ఈ పనిలో సగం అదృష్టం.

బిగింపు

కొత్త రాగి వాషర్లు, రిటర్న్ ఓ-రింగులు, క్లాంపు బోల్టులు, డీజిల్ ఫిల్టరు తెచ్చాను. వాషర్ మందం పాతదానితో మైక్రోమీటరు పెట్టి సరిచూశాను. ఒకే ఇంజిన్‌కి రెండు మూడు మందాలు దొరుకుతుంటాయి కాబట్టి షాపులో ఇచ్చింది ఇచ్చినట్టు వేయకూడదు.

హెడ్‌లో ఇంజెక్టర్ కూర్చునే చోటుని శుభ్రం చేయడానికే ఎక్కువసేపు పట్టింది. నాజిల్ దిగే రంధ్రంలో గ్రీజు పూసిన చిన్న బిరడా పెట్టి, సీటు కట్టర్‌కి కూడా గ్రీజు రాసి చేత్తోనే తిప్పాను. గీకిన మసి గ్రీజుకి అంటుకుంటుంది, సిలిండర్‌లో పడదు. సీటు చుట్టూ ఒకే మెరుపు వచ్చేదాకా ఆపలేదు. ఇక్కడ చిన్న మచ్చ మిగిలినా వాషర్ మళ్ళీ లీకవుతుంది, ఇంజెక్టర్ మళ్ళీ అతుక్కుంటుంది.

మూడో సిలిండర్ హై ప్రెషర్ పైపు మొనలో నొక్కు పడి ఉంది, కొత్తది వేశాను. పైపుల నట్లు ముందు చేత్తో పట్టించి, క్లాంపు బోల్టు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించి, ఆ తర్వాతే నట్లు టార్క్ చేశాను. వరస మారితే పైపు మీద ఒత్తిడి నిలిచి కొన్నాళ్ళకు పగులుతుంది. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్చాను. చేతి పంపు గట్టిపడేదాకా నొక్కి ఎయిర్ తీశాను.

సెల్ఫ్ కొద్దిసేపు తిరిగింది, ఒకటి రెండు మిస్సింగులతో లేచి, ఆ తర్వాత కుదురుకుంది. అట్టముక్కతో ప్రతి నట్టూ చూశాను. తడి లేదు.

కోడింగ్, రోడ్డు

ఈ ఇంజెక్టర్ల తల మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఒక కోడ్ చెక్కి ఉంటుంది. తయారీలో ఒక్కోటి ఎంత ఎక్కువ తక్కువ కొడుతుందో ఈసీయూకి చెప్పే కోడ్ అది. వాల్వ్, నాజిల్ మారాక పాత కోడ్ ఆ ఇంజెక్టర్‌కి చెల్లదు. ల్యాబు బెంచీ ఇచ్చిన కొత్త కోడ్‌ని ఆటోనగర్‌లోనే పెద్ద స్కానర్‌తో మూడో సిలిండర్‌కి రాయించాను. నా అడాప్టర్ చదవగలదు గానీ రాయలేదు. ఇంజెక్టర్లు ఒక సిలిండర్ నుంచి ఇంకోదానికి మార్చి వేసినవాళ్ళు కూడా కోడ్‌లను వాటితోపాటే మార్చించాలి.

వేడి మీద సెల్ఫ్ కొడితే ఇప్పుడు ప్రెషర్ చప్పున 250 బార్ దాటుతోంది, బండి వెంటనే లేస్తోంది. సవరణ అంకెలు: మైనస్ 0.2, ప్లస్ 0.5, మైనస్ 0.1, మైనస్ 0.2. స్టీరింగు వణుకు పోయింది. ఎండలో హైవే మీద పోయి, ఆపి, టీ తాగి, మళ్ళీ కీ తిప్పిన ప్రతిసారీ టెన్షన్ లేకుండా లేస్తుంటే చెప్పలేనంత సంతోషంగా ఉంది.

ఉగాది దాటాక

డీజిల్‌లో టూ-స్ట్రోక్ ఆయిల్ కలపమని ఇప్పుడూ కొందరు చెబుతున్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా సల్ఫర్ 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) మించని బీఎస్6 డీజిలే వస్తోంది, సల్ఫర్ తగ్గితే జారుడు గుణం తగ్గుతుంది కదా అని వాళ్ళ వాదన. ఆ లోటు తీర్చే పదార్థాన్ని రిఫైనరీలోనే కలుపుతారు. మన దేశపు డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460లో, జారుడు గుణం పరీక్షించేటప్పుడు లోహం మీద పడే అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదని హద్దు ఉంది. అందుకే నేను ఏదీ కలపడం లేదు. నా శ్రద్ధంతా నీళ్ళ మీద ఉంది. అమ్మకం బాగా ఉండే బంకులోనే పోయిస్తున్నాను, ట్యాంకు సగానికి తగ్గనివ్వడం లేదు, ఫిల్టరు అడుగున నీళ్ళు ఎప్పటికప్పుడు వదులుతున్నాను. ఫిల్టరుని 20,000 కిలోమీటర్ల దాకా ఆగకుండా 10,000కే మార్చాలని అనుకుంటున్నాను.

నిన్న మళ్ళీ నాలుగు సీసాలు కట్టి చూశాను. 28, 36, 25, 30. ఆయిల్ మట్టం పెరగలేదు. రెండోది కొద్దిగా కదిలింది, సవరణ అంకె ప్లస్ 0.6కి వచ్చింది. వానాకాలం మొదలయ్యేలోపు మరోసారి కొలుస్తాను. 45 దాటితే దాన్ని కూడా పెద్దాయన బెంచీ ఎక్కిస్తాను, అందుకు కావాల్సిన వాషరు, ఓ-రింగులు ఇప్పటికే కొని పెట్టాను.